చేతి రంపంతో కోత తిన్నగా రావడం లేదు – తేడా రంపంలోనా, చేతిలోనా?

కొత్తచేయి (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఇంట్లోకి చిన్న పుస్తకాల అర చేద్దామని పైన్ పలకలు తెచ్చాను. ఆరు అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం. 18 అంగుళాల చేతి రంపం కొన్నాను. హార్డ్‌వేర్ షాపులో మామూలుగా దొరికేదే, ప్లాస్టిక్ పిడి, పళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి.

పెన్సిల్‌తో గీత గీసి కోస్తున్నాను. పైనుంచి చూస్తే కోత గీత మీదే ఉంటుంది. పలక తిప్పితే కిందివైపు మూడు నాలుగు మిల్లీమీటర్లు పక్కకి పోయి ఉంటుంది. కింద అంచు అంతా పెచ్చులు లేస్తోంది. మొదలుపెట్టేటప్పుడు రంపం ఎగిరి గీత పక్కన గీరుతోంది కూడా.

మాది అపార్ట్‌మెంట్, బెంచీ లేదు. ప్లాస్టిక్ స్టూలు మీద పలక పెట్టి, ఎడమ చేత్తో నొక్కి పట్టుకుని కోస్తున్నాను. మెషిన్ కొనుక్కోమని మాత్రం చెప్పకండి, కింది ఫ్లోర్ వాళ్ళు ఇప్పటికే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టేశారు.

నాగావళి (శ్రీకాకుళం)

ముందు ఆ ప్లాస్టిక్ స్టూలు తీసేయండి సార్. పలక కదులుతుంటే ఎంత మంచి రంపమైనా వంకరే పోతుంది. మీరు కోసే ప్రతిసారీ స్టూలు ఊగుతుంది, మీ ఎడమ చెయ్యి దాన్ని ఆపడానికే సరిపోతోంది. మిగతావన్నీ తర్వాత.

బెంగళూరు_కిట్టు

జిగ్‌సా కొనుక్కో బ్రో, మధ్యాహ్నం పూట వాడుకో. రెండు నిమిషాల పని.

మోడరేటర్

కిట్టు గారూ, వద్దని మొదటి పోస్టులోనే రాశారు. మెషిన్లా చేతి పనిముట్లా అనే గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే చాలామంది కొట్టుకుంటున్నారు. ఇక్కడ చేతి రంపం గురించే.

చిత్రికపొట్టు (రాజమహేంద్రవరం)

కొత్తచేయి గారూ, మాది వడ్రంగం ఇల్లే. నేను ఉద్యోగంలో పడ్డాను గానీ, నాన్నగారి పక్కన కూర్చుని రంపం పట్టినవాణ్ణే. మీ కష్టాలు మూడూ కోతకి ముందే మొదలవుతున్నాయి.

పెన్సిల్ గీతనే తీసుకోండి. మొద్దు పెన్సిల్‌తో గీస్తే గీతే ఒక మిల్లీమీటరు వెడల్పు ఉంటుంది. అందులో ఎటువైపు కోయాలో చేతికి తెలియదు. గీత కత్తితో గీయాలి. పలక అంచుకి మూలమట్టం గట్టిగా ఆనించి, కత్తి మొనని మట్టం వెంబడి మొదట తేలిగ్గా ఒకసారి, తర్వాత కాస్త నొక్కి రెండుసార్లు లాగండి. స్టేషనరీ షాపులో దొరికే సన్న కటర్ బ్లేడు వంగుతుంది, చెక్క నారతో పాటే పోతుంది. మందపాటి బ్లేడు ఉన్నది వాడండి. ఇలా కత్తితో గీస్తే పై నార తెగిపోతుంది. రంపం పక్కనుంచి వెళ్ళినా గీత అవతలి చెక్క లేవదు. మీ పెచ్చుల సమస్య సగం ఇక్కడే పోతుంది.

గీత పైన ఒక్కచోటే గీస్తే చాలదు. అదే గీతని రెండు పక్క అంచుల మీదకి దింపి, అడుగున కూడా కలపండి. నాలుగు వైపులా తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి కలవాలి. కలవలేదంటే మీ మూలమట్టం తప్పు, లేదా పలక అంచు తిన్నగా లేదు. మట్టాన్ని అనుమానిస్తే పరీక్ష తేలిక. ఒక అంచు నుంచి గీత గీయండి, మట్టాన్ని బోర్లా తిప్పి అదే చుక్క నుంచి ఇంకో గీత గీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే మంచిది. విడిపోతే, ఆ విడిపోయినదాంట్లో సగం మట్టం తప్పు. షాపులోనే ఏ ప్లైవుడ్ ముక్క మీదో ఇలా చూసి కొనుక్కోవచ్చు, ఎవరూ ఏమనరు.

తర్వాత పనికిరాని ముక్క మీద పెన్సిల్‌తో పెద్ద ఇంటూ గుర్తు పెట్టండి. కోత ఎప్పుడూ ఆ గుర్తు వైపే పడాలి. రంపం పోయిన దారికి కూడా వెడల్పు ఉంటుంది, మీ రంపానికైతే మిల్లీమీటరు పైనే. గీత మీదే కోస్తే పలక ఆ మేరకి కురచ అవుతుంది. నాలుగు అరలకి నాలుగు రకాల పొడవులు వచ్చేది అందుకే.

కొత్తచేయి

చాలా థ్యాంక్స్ అండి. ఇప్పుడే మట్టం పరీక్ష చేశాను. పలక చివరికి వచ్చేసరికి రెండు గీతల మధ్య దాదాపు రెండు మిల్లీమీటర్లు తేడా ఉంది. అంటే మట్టం ఒక మిల్లీమీటరు తప్పు! స్కూలు జామెట్రీ బాక్సులో మూలమట్టం బెటరేమో.

చిత్రికపొట్టు

ఆరు అంగుళాలకి మిల్లీమీటరంటే అర పక్క చెక్కకి ఆనుకోదు. వెనక్కి ఇచ్చేయండి.

డల్లాస్ బాబాయి

అబ్బాయ్, ఇంత కష్టం అక్కర్లేదు. జపాన్ రంపం ఒకటి తెప్పించుకో. రియోబా అంటారు, రెండు అంచులకీ పళ్ళుంటాయి, ఒకవైపు అడ్డకోతకి (చెక్క నారకి అడ్డంగా), ఇంకోవైపు నిలువుకోతకి (నార వెంబడి). నెడితే కాదు, లాగితే కోస్తుంది. లాగేటప్పుడు రేకు బిగుసుకుంటుంది కాబట్టి వంగే ప్రశ్నే లేదు, అందుకే రేకు పల్చగా చేస్తారు. కోత సన్నం, బలం తక్కువ చాలు. నేను ఇక్కడ గరాజ్‌లో అదే వాడతాను. పాత రంపాలు గోడకి వేలాడుతున్నాయి.

చిత్రికపొట్టు

బాబాయ్ గారూ, మంచి రంపమే, కాదనను. కానీ కొత్తవాళ్ళకి చెప్పేటప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి. లాగితే పొట్టు మన వైపే వచ్చి గీత మీద పడుతుంది, ప్రతి నాలుగు లాగుళ్ళకీ ఊదుకుంటూ ఉండాలి. పల్చటి రేకు కదా, మరిచిపోయి గట్టిగా నెట్టారంటే మడత పడుతుంది. అందులో చాలావాటికి పళ్ళు గట్టిపరిచి ఉంటాయి, ఆకురాయి ఎక్కదు. మొద్దుబారితే బ్లేడు మార్చుకోవడమే. డల్లాస్‌లో సులువే, ఇక్కడ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

పైగా ఆయన రంపంలో తప్పుందని ఇంకా తేలలేదు. స్టూలు మీద కోస్తే జపాన్ రంపమైనా అంతే.

డల్లాస్ బాబాయి

స్టూలు సంగతి ఒప్పుకుంటా. రంపం సంగతి ఒప్పుకోను. 😀

శ్రీలత_వ (వరంగల్)

నిలబడే తీరు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నాకు కోత కుదిరింది అక్కడే.

రంపం, మణికట్టు, మోచెయ్యి, భుజం, నాలుగూ ఒకే వరసలో ఉండాలి. ఆ వరస గీతకి ఎదురుగా రావాలి. మనం గీతకి సరిగ్గా ముందు నిలబడితే మోచెయ్యి పొట్టకి తగిలి పక్కకి తిరుగుతుంది, దాంతో రంపం కూడా తిరుగుతుంది. అందుకని ఒంటిని కాస్త ఎడమకి జరపాలి, కుడి చెయ్యి గోడ గడియారం లోలకంలాగా అడ్డం లేకుండా ముందుకీ వెనక్కీ ఆడాలి. ఎడమచేతి వాటం వాళ్ళకి ఇదంతా అటుది ఇటు. తల మాత్రం గీతకి పైన ఉండాలి, రేకు రెండు వైపులా కనపడేలా.

పిడిని మూడు వేళ్ళతో పట్టుకుని చూపుడు వేలు ముందుకు, రంపం పోయే దిక్కుకి చాపాలి. నాలుగు వేళ్ళతో పిడికిలి బిగిస్తే మణికట్టు మెలి తిరుగుతుంది. కొత్తలో అందరం గట్టిగా పట్టుకుంటాం, భయం వల్ల. కోసేటప్పుడు కిందికి నొక్కక్కర్లేదు, రంపం బరువు సరిపోతుంది. నొక్కాలనిపిస్తోందంటే పళ్ళు మొద్దుబారాయని. పొడుగ్గా, నిదానంగా, రేకు మొత్తం పొడవు వాడుకుంటూ కోయండి. మధ్యలో నాలుగు అంగుళాలే గబగబా ఆడిస్తే అక్కడి పళ్ళే అరిగిపోతాయి, మిగతావి కొత్తగానే ఉంటాయి.

ఇంకో చిట్కా. రేకు మెరుస్తూ ఉంటే అందులో పలక ప్రతిబింబం కనిపిస్తుంది. పలక అంచు, దాని ప్రతిబింబం కలిసి ఒకే తిన్నటి గీతలా కనిపిస్తే రంపం అన్ని వైపులా లంబంగా ఉన్నట్టు. విరిగినట్టు కనిపిస్తే వాలింది. కోత మొదలుపెట్టక ముందు ఒక్క క్షణం ఇది చూసుకుంటే మీ కింది వైపు మూడు మిల్లీమీటర్ల తేడా చాలావరకు తగ్గుతుంది. రేకు తుప్పు పట్టి ఉంటే కుదరదు మరి.

కొత్తచేయి

శ్రీలత గారూ, ప్రతిబింబం చిట్కా భలే ఉంది. మొదలుపెట్టడమే నాకు పెద్ద టెన్షన్. మొదటి తోపులోనే రంపం ఎగిరిపోతోంది. యూట్యూబ్‌లో ఒకాయన మొదట వెనక్కి లాగాలన్నాడు, ఇంకొకాయన అస్సలు లాగకూడదన్నాడు.

నాగావళి

వెనక్కే లాగాలి. రెండు మూడుసార్లు మెల్లగా వెనక్కి లాగితే చిన్న గాడి పడుతుంది, తర్వాత ముందుకి నెట్టొచ్చు. మా ఊరి మేస్త్రీలందరూ అలాగే చేస్తారు.

శ్రీలత_వ

నేను లాగను. నెట్టితే కోసే పళ్ళని వెనక్కి లాగితే అవి కోయవు, చెక్కని చితక్కొడతాయి. అంచు దగ్గర చిన్న గుంట పడుతుంది, పళ్ళు అందులో ఇరుక్కుంటాయి. రంపం బరువుని చేత్తో పైకి లేపి పట్టుకుని, పళ్ళు చెక్కని తాకీ తాకనట్టు ముందుకి నెట్టండి. నాలుగైదు తోపుల తర్వాత బరువు వదలొచ్చు.

చిత్రికపొట్టు

ఇద్దరిదీ నిజమే, పళ్ళని బట్టి. అంగుళానికి ఏడెనిమిది పళ్ళుండే పెద్ద రంపమైతే ముందుకి నెట్టి మొదలుపెట్టడం కొత్తవాళ్ళ వల్ల కాదు, ఎగురుతుంది. వెనక్కి ఒకటి రెండుసార్లు లాగితే పోయేదేమీ లేదు. పన్నెండు, పద్నాలుగు పళ్ళుండే చిన్న రంపానికి శ్రీలత గారు చెప్పిందే మంచిది.

ఏ పద్ధతైనా, ఎడమ బొటనవేలి కణుపు రేకుకి ఆనించి పెట్టుకోండి, పళ్ళకి కాదు, పళ్ళ పైన రేకుకి. ఆ కణుపే దారి చూపిస్తుంది. మొదలు ఎప్పుడూ పలక అవతలి మూల నుంచి. పలక పైనంతా ఒకేసారి రంపం ఆనిస్తే జారుతుంది. అవతలి మూలలో గాడి పడ్డాక పిడిని మెల్లగా దించుతూ గీత వెంట మన వైపుకి రావాలి.

కత్తి గీత గీశారు కదా, దానికి పనికిరాని వైపు నుంచి ఉలితో ఏటవాలుగా సన్నటి పొర లేపేయండి. గీత పక్కన చిన్న మెట్టులా అవుతుంది. రంపం అందులో దానంతటదే కూర్చుంటుంది. మొదలు సమస్యే ఉండదు. ప్రతి కోతకీ ఇంత చేయక్కర్లేదు, బయటికి కనిపించే చివరలకి చాలు.

కొత్తచేయి

స్టూలు బదులు ఏం వాడాలి? బెంచీ చేసుకునేంత జాగా లేదు.

నాగావళి

మోకాలి ఎత్తు గట్టి చెక్క పీట ఏదైనా ఉంటే చాలు. పలక మీద ఎడమ మోకాలు పెట్టి నొక్కండి, ఒంటి బరువే బిగింపు. మా మేస్త్రీలు నేల మీద కూర్చుని పాదంతో పట్టుకుంటారు గానీ, అది చిన్నప్పటి నుంచీ అలవాటుండాలి. మీరు చేయబోకండి, కాలి వేలు జాగ్రత్త.

చిత్రికపొట్టు

దాంతోపాటు బెంచ్ హుక్ ఒకటి చేసుకోండి. మొదటి ప్రాజెక్టు అదే అనుకోండి. పది అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు ప్లైవుడ్ ముక్క. దానికి పైన ఒక చివర ఒక పట్టీ, కింద ఇంకో చివర ఇంకో పట్టీ. కింది పట్టీ డైనింగ్ టేబుల్ అంచుకి తట్టుకుంటుంది, పై పట్టీకి పలక ఆనించి నెడతాం. రంపం నెట్టే బలమే పలకని బిగించి పెడుతుంది, క్లాంపు అక్కర్లేదు. పై పట్టీని కుడివైపు ఒక అంగుళం కురచగా పెట్టుకుంటే రంపం కింది ప్లైవుడ్‌లోకి దిగుతుంది, టేబుల్‌కి తగలదు. కోత అడుగున ప్లైవుడ్ ఆనుకుని ఉంటుంది కాబట్టి పెచ్చులు కూడా లేవవు.

మేకులు కాకుండా జిగురుతో, వీలైతే చెక్క మేకులతో బిగించండి. ఇనుప మేకు రంపానికి తగిలితే పళ్ళు పోతాయి.

డల్లాస్ బాబాయి

ఒక సంగతి, నాలాగా లాగే రంపం వాడేవాళ్ళు బెంచ్ హుక్‌ని పై పట్టీ ఇవతలికి వచ్చేలా తిప్పి పెట్టుకుని, పలకని దానికి ఆనించుకోవాలి. లేకపోతే లాగినప్పుడల్లా పలక మీదికొస్తుంది.

కొత్తచేయి

అప్‌డేట్. బెంచ్ హుక్ చేశాను. టేబుల్ మీద పాత దుప్పటి పరిచి దాని మీద పెట్టాను, మా ఆవిడ షరతు అది. కత్తి గీత, నాలుగు వైపులా గీత, అన్నీ పాటించాను. పెచ్చులు పోయాయి! ఫోటో పెట్టాను చూడండి, పై అంచు గాజులా ఉంది.

కానీ కోత ఎప్పుడూ కుడివైపుకే పోతోంది. ప్రతి పలకా కుడికే. మధ్యలో గమనించి ఎడమకి తిప్పుదామని చూస్తే రంపం బిగుసుకుపోతోంది.

శ్రీలత_వ

మధ్యలో తిప్పకండి. గాడి లోతు దిగాక రంపం ఆ గాడినే పట్టుకుని పోతుంది, మెలి తిప్పితే రేకు వంగుతుందంతే. తప్పు కనిపిస్తే రంపాన్ని పడుకోబెట్టి, అంటే వాలు తగ్గించి, గీత దగ్గర తేలిగ్గా రెండు మూడు తోపులు తోసి, మళ్ళీ లేపండి. లేదా పలక తిప్పి అవతలి వైపు గీత నుంచి మొదలుపెట్టి కలపండి. నాలుగు వైపులా గీత ఉంది కాబట్టి రెండు వైపుల కోతలూ మధ్యలో కలుస్తాయి.

చిత్రికపొట్టు

ప్రతిసారీ ఒకే వైపుకంటే ఇప్పుడు రంపాన్ని అనుమానించొచ్చు. రంపం పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి కొద్దిగా వంచి ఉంటాయి. అందువల్లే గాడి రేకు కంటే వెడల్పుగా పడి రేకు ఇరుక్కోదు. ఒకవైపు పళ్ళు ఎక్కువ వంగి ఉంటే రంపం అటే లాక్కుపోతుంది.

చేతి తప్పో రంపం తప్పో తేల్చుకోవాలంటే, ఇంకొకరి చేత ఆ రంపంతో కోయించండి. వాళ్ళకీ కుడికే పోతే రంపమే. అప్పుడు రంపాన్ని చదునుగా పడుకోబెట్టి, కుడివైపు పళ్ళ పక్కన నూనెరాయిని (నూనె వేసి పదును పెట్టే రాయి) రేకుకి సమాంతరంగా ఆనించి, పిడి దగ్గర నుంచి కొస దాకా ఒక్కసారి తేలిగ్గా లాగండి. ఒక్కసారే. కోసి చూడండి. ఇంకా పోతే ఇంకోసారి. ఎక్కువ రుద్దితే ఎడమకి పోవడం మొదలుపెడుతుంది.

మీ రంపం పళ్ళ కొసలు నల్లగా ఉన్నాయన్నారు కదా. అవి వేడితో గట్టిపరిచిన పళ్ళు. ఆకురాయితో పదును పెట్టలేరు, ఆకురాయే అరిగిపోతుంది. నూనెరాయి పక్కన తాకించడం వరకు పరవాలేదు. ఆ రకం రంపం చాలాకాలం పదునుగానే ఉంటుంది, పోయాక పారేయడమే. పదును పెట్టుకుంటూ వాడుకునేది కావాలంటే ఈసారి వీపున ఇనుప పట్టీ ఉండే పన్నెండు అంగుళాల టెనన్ సా అడగండి. అర పలకల చివరలకి అది ఇంకా బాగుంటుంది.

నాగావళి

రేకుకి రెండు వైపులా కొవ్వొత్తి రుద్దండి, బిగుసుకోవడం తగ్గుతుంది. కొబ్బరి నూనె రాయబోకండి, చెక్క మీద మరక పడి తర్వాత పాలిష్ పట్టదు.

కొత్తచేయి

మా తమ్ముడి చేత కోయించాను. వాడికి తిన్నగానే వచ్చింది. 😐

డల్లాస్ బాబాయి

హహ. నూనెరాయి దాచేయ్.

శ్రీలత_వ

అయితే మోచెయ్యే. కోసేటప్పుడు వాళ్ళని వెనకనుంచి వీడియో తీయమనండి. మీకు కనిపించనిది అందులో కనిపిస్తుంది.

కొత్తచేయి

మీరన్నట్టే. ముందుకి నెట్టేటప్పుడు మోచెయ్యి బయటికి వెళ్తోంది, వెనక్కి వచ్చేటప్పుడు ఒంటికి దగ్గరవుతోంది. టేబుల్ ఎత్తు ఎక్కువ కావడం వల్ల అనుకుంటా, భుజం లేస్తోంది. చిన్న పీట ఎక్కి నిలబడితే చాలా తేడా తెలిసింది. ఇప్పుడు అడుగున అర మిల్లీమీటరు లోపే ఉంది.

చిత్రికపొట్టు

అర మిల్లీమీటరుకి చిత్రిక రెండుసార్లు పడితే సరి. చివర నార మీద, అంటే కోసిన చివరన తెగిన నార కనిపించే చోట పట్టేటప్పుడు అంచు దాకా పోనివ్వకండి, సగం దాకా పట్టి అటు తిరిగి మిగతా సగం పట్టండి. లేకపోతే ఇంత కష్టపడి కాపాడిన అంచు ఊడొస్తుంది. కోత ఆఖరి అంగుళంలో కూడా అంతే, వేగం తగ్గించి, తెగిపోయే ముక్కని ఎడమ చేత్తో పట్టుకోవాలి. దాని బరువుకి అది విరిగితే అడుగు చెక్క చీల్చుకుని పోతుంది.

పాతతలుపు (గుంటూరు)

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా పాత ఇంటి టేకు తలుపు పలకలు ఉన్నాయి, నిలువునా రెండుగా కోయాలి. నాలుగు అడుగుల పొడవు. ఇదే రంపంతో కుదురుతుందా?

చిత్రికపొట్టు

కుదురుతుంది గానీ చెమటలు పడతాయి. అడ్డకోత పళ్ళు కత్తి మొనల్లా నారని తెంపుతాయి, నిలువుకోత పళ్ళు ఉలి కొసల్లా నారని తవ్వుతూ పోతాయి. అడ్డకోత రంపంతో నిలువుగా కోస్తే పొట్టు మెత్తగా నిండిపోయి ముందుకు కదలదు. పెద్ద పళ్ళ నిలువుకోత రంపం ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. అడ్డకోతకి రంపం పలకకి 45 డిగ్రీల వాలులో ఉంటే, నిలువుకోతకి 60 దాకా లేపి పట్టుకోండి. ఒక అడుగు పొడవు కోసాక వెనక గాడిలో చిన్న చెక్క చీల దూర్చండి, లేకపోతే గాడి మూసుకుపోయి రేకుని పట్టేస్తుంది.

టేకులో సిలికా ఉంటుంది, పదును తొందరగా తినేస్తుంది. అది చెక్క గుణం, మీ తప్పు కాదు. కోసేముందు అయస్కాంతంతో పలక అంతా తడమండి. పాత తలుపుల్లో విరిగిన మేకులు రంగు కింద కనిపించవు.

పాతతలుపు

ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి తడిమాను. ఐదు చోట్ల అతుక్కుంది. ముందు పట్టకారు వెతకాలి.